గ్రూపుకి పేరింకా పెట్టలేదు

వేట నిషేధం ముప్పయ్యో రోజు.
ఐసు ఫ్యాక్టరీలో యంత్రాలు ఆగిపోయి
లెక్కలు రాసే నాకు రాయడానికి లెక్కల్లేవు.
బిల్లు పుస్తకం వెనకట్ట మీద
గ్రూపెలా ఉండాలో రాసుకున్నాను.

ఎవరెవరంటే, హార్బర్ మీద బతికే ఆడవాళ్ళు.
తట్ట మోసేవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు,
పూర్ణా మార్కెట్లో కత్తిపీట ముందు
తెల్లారకుండానే కూర్చునేవాళ్ళు.
రాయడం ఉండదు. నోటిమాటే.
నొక్కిపట్టి మాట్లాడాలి, వదిలేస్తే వెళ్ళిపోతుంది.
మూడింటికి ఏ జెట్టీలో కానాగడతలు ఎంత పలికాయో
అందరికీ ఒక్కసారే తెలిస్తే
వేలంపాటగాడు ఈ చెవిలో ఒక ధర
ఆ చెవిలో ఒక ధర ఊదలేడు.

ఇంత బాగా రాసుకున్నది
చెప్పబోయేసరికి ఎటు పోయిందో!

వలల షెడ్డులో పదకొండు మంది.
గొంతులో కవ్వళ్ళ ముల్లు అడ్డంపడినట్టు నేను.
మైలపల్లి మసేనమ్మ నైలాన్ దారం పళ్ళతో తెంపి
"ఏటే, మాకు నోళ్ళు నేవా,
ఫోనుకి సెప్పి ఫోను సేత సెప్పించుకోడానికి?" అంది.
అందరూ నవ్వారు.
"డబ్బులెంత?" అంది నూకాలు.
"ఏం అక్కర్లేదు, ఊరికే."
"ఊరికే ఇచ్చేదేదైనా ఎరే అయ్యుంటాది."

దానికి జవాబు వెతుకుతూ పుస్తకం తిరగేశాను.
పోయిన నెల ఐసు బకాయిలు కనిపించాయి.
సగం పేర్లు ఆ షెడ్డులోనే కూర్చునున్నాయి.
మూసేశాను.

ఎంతమందిని చేర్చాలో నేనూ తేల్చుకోలేదు.
ఎల్లమ్మ వలకంట్లో వేలు దూర్చి చూపించింది.
"కన్ను సన్నమైతే పిల్లసేప, నాసు, సెత్త, అన్నీ ఎక్కుతాయి.
పెద్దదైతే మనకి మిగిలీది నీళ్ళే.
ముందు కన్నెంతో సెప్పు."
"రెండు వేళ్ళు," అన్నాను, ఏదో ఒకటి.
"కవ్వళ్ళకా? తల్లీ, నువ్వు ఐసే అమ్ముకో."

ఆ నవ్వులో నాకు కొంచెం ఊపిరొచ్చింది.
నియమాలు చదివాను.
పొద్దున్నే గులాబీల బొమ్మలు వద్దు. సరే అన్నారు.
పదిమందికి పంపకపోతే అరిష్టం అనేవి వద్దు.
కాస్త ఆలోచించి, సరే అన్నారు.
అల్లుళ్ళ మీద చాడీలు వద్దు.
ఇక్కడ పెద్ద గొడవైంది.
అవి ఉంచాను.

అంతదాకా నోరు విప్పని సూరాడ పైడితల్లి
వల మీంచి తలెత్తకుండానే అడిగింది.
"బోటు రాకపోతే?
ఆ రేత్రి నీ గ్రూపు ఏటి సేస్తాది?"

కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు.
డాల్ఫిన్ నోస్ మీద దీపం
ఒకసారి ఇటు తిరిగి, మళ్ళీ సముద్రం వైపు పోయింది.
పైడితల్లికి అది ఏ సంవత్సరమో అందరికీ తెలుసు.
ఎవరూ అనలేదు.

నా పుస్తకంలో ఆ రాత్రికి గడి లేదు.
"తెలీదు," అన్నాను.
"అదే రాసుకో," అంది.
రాసుకున్నాను. బోటు రాని రాత్రి: తెలీదు.

కాసేపటికి మసేనమ్మ, నాకు కాదు, చేతిలో వలకి చెప్పినట్టు
"ఆ రేత్రి ఎవులూ ధరలు సెప్పకూడదు."
నూకాలు, "ఓదార్పులూ వద్దు. తగలేస్తాయి.
మెలకువున్నోళ్ళు ఊరికే దగ్గితే సాలు.
మనిసుందని తెలుస్తాది."

ఏడుగురు నంబర్లిచ్చారు.
రెండు మనవలవి.
ఒకదానికి తొమ్మిదే అంకెలు,
మళ్ళీ అడిగితే మళ్ళీ తొమ్మిదే చెప్పింది.
పైడితల్లికి ఫోను లేదు.
నూకాలు పక్కన పడుకుంటానంది.

ఆ రాత్రి మూడింటికి ఫోను వెలిగింది.
మసేనమ్మ. నాలుగు సెకన్లు.
సముద్రంలో ఒక్క బోటూ లేని నెల,
చెప్పడానికి ధర లేదు.
చెవి దగ్గర పెట్టుకున్నాను.
దగ్గింది, అంతే.

నొక్కిపట్టి
నేనూ దగ్గాను.